దొరసాని పగ్గం

నిజామాబాదు,
4 సెప్టెంబరు 1967

చిరంజీవి చెల్లె శ్యామలకు,

అక్క రేణుక దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నువ్వెట్లున్నావని అడగడానికి చెయ్యి రావడం లేదు, అయినా అడుగుతున్నాను.

మరిది రాజలింగు పోయి నెల దాటింది. పదకొండో రోజు అయ్యాక నేను బస్సెక్కడానికి బయలుదేరితే నువ్వు వాకిట్లోకి కూడా రాలేదు. గోడవైపు తిరిగి పడుకునే ఉన్నావు. ఎడపల్లి నుంచి నిజామాబాదు గంట దారి. ఆ గంటసేపూ నాకు నీ వీపే కనిపించింది. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నా కడుపున పిల్లలు పుట్టకముందే నువ్వు నాకు బిడ్డవయ్యావు. నువ్వు అన్నం ముట్టడం లేదని తెలిశాక నాకు ముద్ద ఎట్లా దిగుతుంది చెప్పు.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాం. నువ్వు వచ్చి మా ఇంట్లోనే ఉండు. వెనకవైపు పసుపు కొమ్ములు పోసుకునే అర్రను ఖాళీ చేయించి సున్నం వేయించాను. పక్క అర్రలోనే మా అత్త ఈరవ్వ ఉంటుంది. మామ పోయినప్పటినుంచీ ఆమె ఆ వెనకవైపే ఉంటున్నది కదా. "పిల్లను తోల్కరాండ్రి, నాకు తోడుంటది" అని ఆమే రోజూ అంటున్నది. ఎవరి కంటా పడకుండా, ఎవరి మాటా పడకుండా బతకొచ్చు.

ఇక ఆ గుర్రం సంగతి. బోధన్‌లో బాడుగ గుర్రాలు నడిపే ముస్తఫా పెళ్లి ఊరేగింపులకు తిప్పి తిప్పి వయసు మళ్లిన గుర్రాన్ని మరిది తెచ్చి టాంగాకు కట్టినప్పుడే నేను నవ్వాను. పైగా దానికి దొరసాని అని పేరు. ఇప్పుడు దాన్ని ఎవరు చూస్తారు? ముస్తఫాకు తిరిగి ఇచ్చేయండి. మీ అత్త భూమవ్వకు కూడా ఇదే మాట చెప్పు. ఆమెకా మోకాళ్ల నొప్పులు, నీకా లేచే ఓపిక లేదు.

మీ బావ పసుపు అడితిలో ఊపిరాడని పనిలో ఉన్నారు. నువ్వు ఊ అంటే వచ్చి తీసుకొస్తారు.

నీ మేలు కోరే
అక్క రేణుక


ఎడపల్లి,
21 సెప్టెంబరు 1967

అక్కకు,

ఉత్తరం అందింది. నాకు ఎక్కడికీ రావాలని లేదు. ఇక్కడ ఉండాలనీ లేదు. రాయడానికి ఏమీ లేదు. బావకు, అత్తకు నమస్కారాలు చెప్పు.

శ్యామల


నిజామాబాదు,
30 సెప్టెంబరు 1967

చెల్లె శ్యామలకు దీవెనలు.

నీ కార్డు చూశాను. సిరికొండ ఇంట్లో బాపు గోడంతా బొగ్గుతో నల్లగా చేసి మనకు అక్షరాలు నేర్పింది ఇట్లాంటి నాలుగు ముక్కల కోసం కాదు. తిట్టాలని ఉంటే తిట్టు, ఏడవాలని ఉంటే ఏడ్చి రాయి. కాగితం తడిసినా ఫరవాలేదు, చదువుకుంటాను. ఏమీ లేదని మాత్రం రాయకు.

వీధిలో ఆడపిల్లలు తంగేడు పూలకు పోటీలు పడుతున్నారు. బతుకమ్మకు నిన్ను పిలవాలో వద్దో తెలియక రోజంతా ఇల్లు సర్దాను. సర్దిన చోటే మళ్లీ సర్దాను. మా రామ్‌దాసు "చిన్నమ్మ వస్తదా?" అని అడిగితే కసిరి పంపాను. వాడు చిన్నప్పుడు నీ చంక దిగకుండా పెరిగాడు, అడగకుండా ఎట్లా ఉంటాడు?

జవాబు రాయి.

అక్క


ఎడపల్లి,
18 అక్టోబరు 1967

అక్కకు నమస్కారాలు.

తిట్టావు కాబట్టి రాస్తున్నాను. నీ తిట్లు వింటే కొంచెం ప్రాణం లేచొస్తుంది, చిన్నప్పటి అలవాటు.

మొన్న అత్తమ్మ గోడ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె నిలబడే మాట్లాడింది, కూర్చుంటే లేవలేదు. "నువ్వు తినకుంటె నీ ఇష్టం. నేను గూడ తింటలేను. గని మనమిద్దరం ఏడ్వవట్టి నోరులేనిది పస్తులుండుడు ఏం న్యాయం బిడ్డా? నాకు వంగొస్తలేదు. గా గడ్డి గింత దాని ముందటెయ్యి" అన్నది. కొడుకు పోయిన మనిషి ఆ మాట అంటే ఎట్లా పడుకోను? లేచాను.

గడ్డి వేస్తే దొరసాని ముట్టలేదు. ఆయన కోసం దారి చూస్తున్నదేమో అనిపించి దాని మెడ పట్టుకుని ఏడ్చాను. అది వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుని చెవులు వెనక్కి వేసింది. నా ఏడుపు దానికి కూడా బరువైంది కాబోలు అనుకుని, వదిలేసి కింద కూర్చున్నాను. ఏడ్చే ఓపిక కూడా అయిపోయి ఉత్తగా కూర్చున్నాను. అప్పుడు అదే వచ్చింది. ముక్కు నా నెత్తిమీద పెట్టి వెచ్చగా ఊపిరి వదిలింది. తర్వాత నా పక్కన ఉన్న గడ్డి తినడం మొదలుపెట్టింది. ఆ నమిలే చప్పుడు వింటుంటే నాకు ఎన్నాళ్లకో ఆకలి అనిపించింది. అత్తమ్మ గటుక పెడితే తిన్నాను.

ఇప్పుడు రోజూ దాన్ని కాలువకు నీళ్లకు తీసుకుపోతున్నాను. ఎవరికీ ఎదురు పడకుండా తెల్లారగానే బయలుదేరతాను. అయితే ఏం లాభం? ఊరేగింపు గుర్రం కదా, గడపలో ఆడమనిషి కనబడితే చాలు, ఆగిపోతుంది. హారతి పళ్లెం వస్తుంది, బెల్లం ముక్క పెడతారు అని దాని నమ్మకం. మొదటి రోజే ముత్తవ్వ ఇంటి ముందు ఆగింది. ముత్తవ్వ వాకిలి ఊడుస్తూ నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకుంది. దొరసాని కదలదు. లాగాను, బతిమిలాడాను. చివరికి ముత్తవ్వే ఇటు తిరిగింది.

"ఇదేంది, పోదా?"

"పోదు. ఏమన్న పెడితెనే పోతది."

ముత్తవ్వ లోపలికి పోయి బెల్లం తెచ్చింది. పెడుతూ నా చేతులు చూసి, "ఎంత సిక్కినవే శ్యామలా" అన్నది. మళ్లీ మొహం తిప్పుకుంది కానీ ఈసారి కళ్లు తుడుచుకోవడానికి.

గుర్రాన్ని ఇవ్వను అక్కా. అత్తమ్మ కూడా అదే అంటున్నది.

నీ చెల్లె
శ్యామల


నిజామాబాదు,
2 నవంబరు 1967

చెల్లె శ్యామలకు,

ఉత్తరం చదివి కడుపు నిండింది, ఆ వెంటనే మండింది. నువ్వు అన్నం తిన్నందుకు భూమవ్వ కాళ్లకు మొక్కుతాను. కానీ కొడుకు పోయిన ఇంట్లో కోడలిచేత గడ్డి మోయించి, పెండ ఎత్తించి, తెల్లారగానే వీధులు తిప్పే పద్ధతి ఏమిటి? ఆమె తియ్యగా చెప్పింది, నువ్వు కరిగిపోయావు. మనవాళ్లలో ఆడది గుర్రం పగ్గం పట్టగా ఎన్నడైనా విన్నామా?

నీకు అడగడం చేతకాదు. అందుకే నేను అడుగుతాను. ఈ నెలలోనే మీ బావను పంపుతున్నాను. సామాను సర్దిపెట్టుకో. గుర్రం గురించి ఆయనే మాట్లాడతారు.

అక్క


నిజామాబాదు,
20 నవంబరు 1967

శ్యామలకు,

మీ బావ తిరిగి వచ్చారు. వచ్చినప్పటినుంచీ నాతో మాట్లాడడం లేదు. నీ మీద కోపం, చూపించేది నా మీద. ఆయన అంత దూరం వస్తే నువ్వు పెరట్లో ఆ గుర్రంతో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నావట. కాళ్లకు నీళ్లివ్వలేదట, కూర్చోమనలేదట. "బావా, మళ్లరాండ్రి, ఇయ్యాల తీరదు" అన్నావట. ఎవరో బురఖా ఆమె మంచంమీద కూర్చుని నీకు హుకుములు వేస్తున్నదట. భూమవ్వ చాయ్ ఇస్తానంటే ఈయన తాగకుండా వచ్చేశారు.

నేను పెంచిన పిల్లవు, ఇంటికొచ్చిన మనిషికి నీళ్లు కూడా ఇవ్వలేదంటే ఎవరికి చెప్పుకోను? నీకు అక్కడే బాగుంటే ఉండు. ఇక నేను పిలవను.

రేణుక


ఎడపల్లి,
28 నవంబరు 1967

అక్కకు, బావకు,

ఇద్దరి కాళ్లకూ మొక్కి రాస్తున్నాను. ఉత్తరం చింపేయకుండా చివరిదాకా చదవండి.

బావ వచ్చిననాడు దొరసాని చావుబతుకుల మధ్య ఉంది. తప్పు ఊరందరిదీ. చక్కెర కార్ఖానాలో ఈ ఏటి పని మొదలైంది కదా, ఊళ్లో ఎక్కడ చూసినా చెరకు బండ్లే. గడప గడపకూ ఆగే గుర్రం అంటే అందరికీ ముద్దు. ఒకరు బెల్లం, ఒకరు చెరకు ముక్కలు, బండ్లవాళ్లు పచ్చి చెరకు ఆకు. ఎవరికి వాళ్లు కొంచెమే పెట్టారు. దాని కడుపు ఉబ్బిపోయి, కాలితో నేల గీరుతూ, పొట్టవైపు తిరిగి చూసుకుంటూ పడబోయింది. ముస్తఫాకు కబురు పెడితే ఆయన భార్య మెహరున్నిసాను టాంగాలో ఎక్కించుకుని వచ్చాడు. దొరసానిని పిల్లగా ఉన్నప్పటినుంచి పెంచింది ఆమే. బావ చూసిన బురఖా ఆమె ఆవిడే. గుర్రం పడుకుని పొర్లితే పేగు మెలిపడి చస్తుందని, ఆగకుండా నడిపించమని చెప్పింది. నేను ఆగి బావకు నీళ్లిస్తే అది పడిపోయేది. అందుకని ఆగలేదు. అంతే అక్కా.

నడిపించడమూ నాకు చేతకాలేదు. నేను తల దించుకుని నడుస్తుంటే అది మొరాయించింది. ఆమె మంచంమీదనుంచి అరిచింది: "అరె బేటీ, నీ కాళ్లు సూస్కుంట నడుస్తె గుర్రం రాదు. దాని మొఖం సూడకు. భుజం పక్కకు నిలవడి, యాడికి పోవాల్నో గాడికి సూడు. నువ్వు గట్టిగ నడుస్తె అది నీ ఎన్క వస్తది." తల ఎత్తాను. గోడ మీదుగా చెరకు తోటలు, వాటి పైన కార్ఖానా పొగ కనిపించాయి. ఆయన పోయినప్పటినుంచీ నేను అంత దూరం చూడలేదని అప్పుడు తెలిసింది. దొరసాని నడిచింది.

పొద్దు వాలేవేళకు పేగు కదిలి, అది పెండ వేస్తే ముగ్గురం ఆడవాళ్లం పండుగ చేసుకున్నాం. నవ్వకు. మెహరున్నిసాను ఇప్పుడు ఆపా అనే పిలుస్తున్నాను, వాళ్ల భాషలో అక్క. ఆ సంతోషంలోనే ఆపా ఒక మాట చెప్పింది. "ఎన్ని బరాతులకు దీని జడలల్లిన్నో, ఎన్ని పూలు గట్టిన్నో. గేటు దాక తోలుడే నా వంతు. ఒక్క బరాతు సూడలే." చెప్పి దాని మూతి నిమిరింది.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగి, ఇక బెల్లం వద్దు, పెట్టాలనుకుంటే గుప్పెడు నానిన శనగలు పెట్టండని చెప్పి వచ్చాను. నేనే చెప్పాను అక్కా. ప్రతి గడపలో నిలబడి చెప్పాను. ఎవరూ మొహం తిప్పుకోలేదు. తిప్పుకున్న ఒకరిద్దరు కూడా శనగలు మాత్రం నానబెడుతున్నారు.

అత్తమ్మ నాచేత పని చేయించడం లేదు. చేయనిస్తున్నది. ఆ రెండింటికీ తేడా నువ్వు వచ్చి చూస్తే తెలుస్తుంది. బావను మళ్లీ రమ్మను. ఈసారి నీళ్లు కాదు, మజ్జిగ ఇస్తాను.

నీ చెల్లె
శ్యామల


నిజామాబాదు,
12 జనవరి 1968

చెల్లె శ్యామలకు దీవెనలు.

నీ ఉత్తరం మీ బావ తనే రెండుసార్లు చదివి, "గుర్రం బతికిందా మరి?" అని నన్ను అడిగారు. కోపం పోయిందని అర్థం. నాది ఆయనకంటే ముందే పోయింది. పోయిందని వెంటనే రాస్తే నీకు అలుసవుతానని ఆలస్యం చేశాను.

అయితే ఇంకో మాట వినబడుతున్నది, అక్కను కాబట్టి చెప్పాలి. బోధన్ సంతకు పోయివచ్చిన మా ఎదురింటామె నిన్ను చూసిందట. "ముండమోసి పిల్ల, ఊరు నడుమనుంచి తలెత్తుకోని గుర్రం తోల్కపోతున్నది, భయం లేదు భక్తి లేదు" అని పదిమందిలో అన్నది. మా అత్త ఈరవ్వ విని పీట మీద నుంచి లేచిపోయింది. నాకు తల కొట్టేసినట్లయింది. నువ్వు తప్పు చేశావని కాదు తల్లీ. లోకం నోరు మూయించడానికి మన చేతులు చాలవు. పక్కదారిన పోతే ఏం పోయింది? కొంచెం తల వంచుకుంటే ఏం అరిగింది?

కోపం తెచ్చుకోకు.

అక్క


ఎడపల్లి,
24 జనవరి 1968

అక్కకు నమస్కారాలు.

కోపం రాలేదు. వచ్చి ఉంటే ఈ పూట దొరసాని నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. దాని దగ్గర ఏదీ దాచలేను. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి నటిస్తే, మనుషులు నమ్ముతారు, అది నమ్మదు. దువ్వే చెయ్యి కొంచెం బిగుసుకున్నా పక్కకు జరుగుతుంది. అందుకని పొద్దున దాని దగ్గరికి పోయేముందు గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, ఈరోజు నా మనసెట్లా ఉందో చూసుకుంటాను. బాధగా ఉంటే బాధగానే పోతాను. బాధకు అది భయపడదని తెలిసింది. దాచినదానికే భయపడుతుంది. ఇది అర్థమయ్యాక నాకు రాత్రులు నిద్ర పడుతున్నది.

తల వంచమన్నావు. వంచితే గుర్రం నడవదు అక్కా. మీ ఎదురింటామెను వచ్చి తల వంచుకుని నడిపించి చూడమను. పౌరుషంతో ఎత్తిన తల కాదిది, దారి చూసుకోవడానికి ఎత్తింది. మొదట్లో నాకూ మెడ నొప్పి పుట్టింది. ఇప్పుడు ఖాళీ చేతులతో నడిచినా తల అట్లాగే ఉంటున్నది. దాన్ని మళ్లీ వంచడం నాకు రాదు.

ఇంకో సంగతి. పొద్దున పూట టాంగా కడుతున్నాను. ముస్తఫా పక్కన కూర్చుని నేర్పాడు. బోధన్ దవాఖానాకు, సంతకు పోయే ఆడవాళ్లు ఎక్కుతున్నారు. మగవాళ్లు లేరని నోరు విప్పి కష్టసుఖాలు చెప్పుకుంటారు. దొరసాని చెవులు ఆడిస్తూ వింటుంది. రంజానుకు మెహరున్నిసా ఆపా సేమ్యా పంపింది. అత్తమ్మ "తురకోల్ల పాయసం నాకెందుకు" అంటూనే గిన్నె గీకింది.

ఆయన గుర్తుకు రాని రోజు లేదు. కానీ టాంగా మీద ఆయన కూర్చున్న చోటే నేను కూర్చుంటున్నాను. ఆయన చూసిన దారినే చూస్తున్నాను. ఇంతకంటే దగ్గరగా ఉండే తీరు నాకు తెలియదు. ఆ గుర్రాన్ని కొన్నందుకు ఆయనకు, లేపినందుకు అత్తమ్మకు, రెండో ఉత్తరంలో తిట్టినందుకు నీకు రోజూ మొక్కుకుంటున్నాను.

శ్యామల


నిజామాబాదు,
8 ఏప్రిల్ 1968

చెల్లె శ్యామలకు,

శుభవార్త. రామ్‌దాసు పెళ్లి కుదిరింది. పిల్ల తరఫువాళ్లు ఇక్కడే కోటగల్లీలో ఉంటారు. వచ్చే నెల పదో తేదీ ముహూర్తం. మన ఇంటినుంచి పందిరిదాకా పిల్లవాడిని గుర్రంమీద ఊరేగించాలని మీ బావ పట్టు. వేరే గుర్రం ఎందుకు, మన దొరసాని ఉండగా. దానికి అలవాటైన పనే కదా. ముస్తఫాతో ఆ పొద్దున పంపించు.

నువ్వు మాత్రం ముందురోజే బస్సుకు వచ్చేయి. వెనక అర్రలో మా అత్తతోపాటు నీకూ చాప వేయిస్తాను. అరిసెల పాకం నువ్వు చూస్తే నాకు బెంగ ఉండదు. పెళ్లి అయ్యాక పిల్లను, పిల్లవాడిని లోపలికే తీసుకొచ్చి నీకు మొక్కిస్తాను. నీకు ఏ లోటూ రానివ్వను.

ఎన్ని పనులున్నాయో రాస్తే ఈ కాగితం చాలదు. గుర్రానికి ఎర్రటి బట్ట కుట్టిస్తున్నాను.

అక్క


ఎడపల్లి,
17 ఏప్రిల్ 1968

అక్కకు,

రామ్‌దాసు పెళ్లని విని అత్తమ్మ నా నోట్లో చక్కెర పోసింది. దొరసానికీ చెప్పాను.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. వెంటనే రాస్తే ఏడుపుతో రాసేదాన్ని. ఇప్పుడు ఏడుపూ లేదు, కోపమూ లేదు. అందుకని నిదానంగా ఒక్క మాట రాస్తున్నాను. దొరసాని వస్తే దాని పగ్గం పట్టుకుని నేను వస్తాను. ముస్తఫాతో పంపను.

నేను చంకనెత్తుకుని తిప్పిన పిల్లవాడు వాడు. వాణ్ని నేను నడిపించే గుర్రం మీద కూర్చోబెట్టి, నన్ను వెనక అర్రలో పాకం చూడమంటే నాకు చేతకాదు. చేతనవునని చెప్పి లోపల కుమిలిపోవడం ఇదివరకు వచ్చేది. ఇప్పుడు మర్చిపోయాను.

నీకు ఇబ్బంది అయితే వేరే గుర్రం చూసుకో. నిజంగా చెబుతున్నాను, నేనేమీ అనుకోను.

శ్యామల


నిజామాబాదు,
23 ఏప్రిల్ 1968

శ్యామలకు,

శుభమా అని పెళ్లి చేస్తుంటే షరతులు పెడతావా? నిన్ను వదిలి నేనెప్పుడైనా ముద్ద తిన్నానా? నా ఒక్కదాని ఇష్టమైతే నిన్ను గుర్రం మీదే ఎక్కించేదాన్ని. మా అత్త వింటూనే "నేను గూసోలేదా లోపల? నాకేమైంది? పిల్లగాని శుభం కంటె ఎక్కువనా ఆమెకు?" అన్నది. పిల్ల తరఫువాళ్లు ఏమంటారో అదొక భయం. నన్నెందుకు ఇట్లా పరీక్ష పెడుతున్నావు?

రేణుక


ఎడపల్లి,
27 ఏప్రిల్ 1968

అక్కకు,

పరీక్ష కాదు. నువ్వు నాకు చేసినదానికి నేను జన్మంతా నీకు నమస్కారం పెట్టినా తక్కువే. ఈరవ్వత్త మాట నాకు తప్పనిపించలేదు. ఆమె నమ్మి, ఓర్చుకుని బతికింది.

రామ్‌దాసుకు ఇక్కడినుంచే దీవెనలు. ఆపా వాడికోసం పెళ్లికొడుకు నుదుటికి కట్టే పూల సెహ్రా అల్లి పంపుతానంటున్నది, కాదనకు. నేను రావడం లేదని మనసు చిన్నబుచ్చుకోకు. పెళ్లి బాగా జరగాలి.

శ్యామల


నిజామాబాదు,
2 మే 1968

నా బంగారు చెల్లె శ్యామలకు,

ఇది అందగానే బయలుదేరే ఏర్పాట్లు చేసుకో. దొరసానిని తీసుకుని నువ్వే రా. పగ్గం నువ్వే పట్టుకో.

ఏం జరిగిందో చెబుతాను. నువ్వు రానని రాసినా, ఆఖరికి వస్తావులే అనే ఆశతో వెనక అర్ర ఊడ్చి రెండు చాపలు పరిచాను. ఒకటి మా అత్తకు, ఒకటి నీకు. పక్కపక్కన ఆ రెండు చాపలు చూసి చీపురు పక్కన పెట్టి కూర్చున్నాను. ఒకదాని మీద మా అత్త ముసలితనం కూర్చుని ఉంది. ఇంకోదాని మీద నేను పెంచిన పిల్లను కూర్చోబెట్టడానికి సున్నం వేయించి, చాప పరిచి, అదంతా ప్రేమ అనుకున్నాను. అది నిజంగానే ప్రేమ శ్యామలా. కానీ కిటికీ లేని ప్రేమ.

అక్కడే కూర్చుని మా అత్తను అడిగాను. "అత్తా, మా పెండ్లినాడు నువ్వు యాడున్నవు?"

"గీ అర్రల్నే."

"ఏం జేసినవు?"

"సన్నాయి ఇన్న. సన్నాయి గట్టిగ మోగంగనే తాళి కడ్తున్నడనుకున్న" అన్నది. ఒక్కగానొక్క కొడుకు పెళ్లి ఆమె చెవులతో చూసింది. ఇన్నేళ్లలో నేను ఎన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు.

శ్యామల గుర్రంతో వస్తుంది అని చెప్పాను. "నీ ఇష్టం. నన్నడుగకు" అని అటు తిరిగి పడుకుంది. ఒప్పుకోలేదు. ఒప్పుకుందని నీకు అబద్ధం చెప్పను. మీ బావ మాత్రం "గుర్రాన్ని ఎవరు తోల్తె ఏంది, పిల్లగాడు కింద వడకుంటె సాలు" అన్నారు. పిల్ల ఇంటికి నేనే పోయి చెప్పాను. పిల్ల తల్లి, "మీ చెల్లె మీకు బిడ్డ లెక్కనట కద" అన్నది. అవునన్నాను.

వస్తావు కదా. ఆపాను కూడా వెంటబెట్టుకురా. గుర్రాన్ని గేటు దాకా పంపి తిరిగిపోనివ్వకు.

నీ అక్క


నిజామాబాదు,
14 మే 1968

చెల్లె శ్యామలకు వేయి దీవెనలు.

క్షేమంగా చేరారని ముస్తఫా మొన్న చెప్పిపోయాడు. పెళ్లినాడు నీతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడలేకపోయాను. నువ్వు పందిరి బయట దొరసాని దగ్గరే ఉన్నావు, తెల్లారి చల్లపూటే బయలుదేరావు. నువ్వు ముందుకు చూసి నడిచావు కనుక వెనక జరిగింది నీకు తెలియదు. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

ముందు నా కళ్లతో చూసింది చెబుతాను. మేళం మొదలైంది. నువ్వు తెల్ల చీరలో, దొరసాని భుజం పక్కన, కోటగల్లీ వైపు చూస్తూ అడుగు వేశావు. పైన నా కొడుకు. ఎవరో గుసగుసలాడారు, నాకు వినబడింది, కానీ తగల్లేదు. ముస్తఫా బండిలో తెర కొంచెం తొలగించి ఆపా చూస్తున్నది. ఆమె కళ్లు మాత్రమే కనిపించాయి నాకు, అవి చాలు. నేను హారతి పట్టుకుని నిలబడి, ఈ పిల్లను నేనేనా గోడవైపు తిరిగి పడుకోగా వదిలి వచ్చింది అనుకున్నాను.

ఊరేగింపు మూల తిరిగాక, మరిచిపోయిన తాంబూలం పళ్లెం కోసం నేను ఇంటికి పరుగెత్తాను. మా అత్త ఈరవ్వ నడి అర్రలో నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని. ఆమె నన్ను దాటి, గడప దాటి, వీధిలోకి దిగింది. జనం చివర చేరింది. "నువ్వెందుకు లేసొచ్చినవు ఈరవ్వా?" అని ఒకామె అడిగితే, "మనుమని పెండ్లికి పోతున్న. గది గూడ అడుగుతరా?" అన్నది. ఇంక ఎవరూ అడగలేదు. పందిరిదాకా నడిచి, ముందు వరసలో కూర్చుంది. తాళి కట్టేటప్పుడు కళ్లు రెప్ప వేయకుండా చూసింది. సన్నాయి మోగినప్పుడు మాత్రం ఒక్కసారి ఉలిక్కిపడింది.

నీకు ఇంత రుణపడి ఉన్నానని ఎట్లా చెప్పను? నువ్వు రానని ఊరుకుంటే నేను ఆమెను ఆ మాట అడిగేదాన్ని కాదు. ఆమె ఆ చీకట్లోనే పోయేది, నేను మంచి కోడలిననే అనుకుంటూ ఉండేదాన్ని.

అన్నీ అయ్యాక ఆమె మీ బావను, నన్ను పిలిచింది. మా పెళ్లినాడు ఆమె చేతి అక్షింతలు మాకు పడలేదు. లోపలినుంచి ఎవరిచేతనో పంపిందట. "వంగుండ్రి" అన్నది. యాభై ఏళ్లకు దగ్గరపడ్డ కొడుకు, బట్టతల మొదలైన కొడుకు, అంతమందిలో తల్లి కాళ్ల దగ్గర వంగాడు. ఆమె పిడికిట పట్టిన బియ్యం ఇద్దరి తలల మీదా పోసి, చెయ్యి అక్కడే కాసేపు ఉంచింది.

నేను లేచి చీర సర్దుకున్నాను. మీ బావ మాత్రం తల దులుపుకోలేదు. విస్తళ్లు వేయించారు, బంధువులను సాగనంపారు, వంటవాళ్లతో పోట్లాడారు. అన్ని పనులూ ఆ బియ్యం తలమీద ఉంచుకునే చేశారు.

నీ అక్క
రేణుక